ఎడమ మూల

ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన రాత్రి
సిటీ పేజీ డ్యూటీ నాది.

ఎవరూ చచ్చిపోలేదు. ముందే చెప్పేస్తున్నాను.
లంగరు తెగి, గాలికి గిరికీలు కొట్టి
తెల్లారేసరికి బీచ్ రోడ్డు కింద రాళ్ల మీద
ఐదంతస్తుల అపార్ట్‌మెంటులా ఒరిగి నిలబడింది.
తాడు నిచ్చెన దిగొచ్చిన సిబ్బంది
టీ అడిగారట.

ఊరు ఊరంతా కదిలింది.
గాజువాక నుంచి ఆటోలు, అనకాపల్లి నుంచి టెంపోలు,
బడి ఎగ్గొట్టిన పిల్లలు,
దండలైనా తియ్యకుండా వచ్చిన కొత్త పెళ్లిజంట,
పొత్తులు కాల్చే బండ్లు పదకొండు.
మా రిపోర్టర్ లెక్కపెట్టాడు. అదీ వేశాం.

అదే రాత్రి, అదే గాలి
జాలారిపేట తెప్ప ఒకదాన్ని
ఎటో తీసుకుపోయింది. నలుగురు.
ఎరకయ్య, తమ్ముడు దాసు, బావమరిది గురువులు.
నాలుగో పేరు ఫోనులో సరిగ్గా వినపడలేదు,
‘మరో వ్యక్తి’ అని రాశాను.

మర్నాడు ఆఫీసు మెట్ల దగ్గర ఒకావిడ.
చోడిపల్లి కాసులమ్మ. ఎరకయ్య భార్య.
ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్స్.
“పేపర్లో ఎయ్యండి బాబూ, సూసినోలెవులైనా ఉంటే సెప్తారు.”
జిరాక్స్‌లో మొహం సగం నల్లమరక.
“తెప్ప ఫొటో ఏదైనా ఉందామ్మా?”
“తెప్పకి ఫొటో ఎవులు తీత్తారు?”
“పోనీ, అది పోయిన చోటు...”
ఆవిడ నన్ను చూసింది. కోపంగా కాదు,
మొప్ప ఎత్తి చేపని చూసినట్టు.
“సంద్రం బాబూ. అక్కడ సంద్రమే ఉంటాది.”

సముద్రం ఫొటోలు మా దగ్గర
నాలుగొందలున్నాయి.

పాతికేళ్లు ఈ కుర్చీలో కూర్చుని నేను నేర్చింది ఇంతే:
ఆపదకి నిలబడ్డానికో చోటుండాలి,
దాన్ని చూసేవాడు వెనక్కి జరగడానికి పది గజాలుండాలి.
తుఫానుకైతే పేరు పెడతారు, ఏడాదికోసారి
ఆ పేరుతో పిలిచి మాట్లాడుకోవచ్చు.
జ్ఞానాపురంలో మా అత్తగారు
పొద్దున్న తెల్లగా ఆరేసిన బట్టల్ని
సాయంత్రం బూడిదరంగులో మడతపెట్టేది.
పంతొమ్మిదేళ్లు దులిపింది, దగ్గింది, మడతపెట్టింది.
ఒకరోజు దులపలేదు.
అది ఏ తారీఖున జరిగిందని రాయను?
హెడ్డింగుకి క్రియ దొరకదు.

ఓడకి ఎనిమిది కాలమ్‌లు.
తెప్పకి ఒక కాలమ్, ఏడో పేజీలో, బంగారం ధర కింద.
మూడోరోజు ఒక కాలేజీ ప్రకటన వచ్చింది,
తెప్పని తీసేశాం.
ఓడ మాత్రం వారమంతా నడిచింది. కదలకుండానే.

ఆదివారం ఫొటో అద్భుతంగా కుదిరింది.
తుప్పు మీద ఎండ, కింద చీమల్లా జనం.
ఎడమ మూల మాత్రం ఎవరిదో భుజం అడ్డొచ్చింది.
నేనే కోశాను.

మొన్న పాత ఫైళ్లు తుడిచేస్తుంటే
కోయని ఫొటో బయటపడింది.
జనమంతా ఓడవైపు, ఫోన్లెత్తి.
ఎడమ మూల మనిషి ఒక్కతే పక్కకి తిరిగి
నీళ్ల మీద ఏమీ లేని చోటు చూస్తోంది.
పెద్దది చేసి చూశాను.
చేతిలో ప్లాస్టిక్ కవరు.

నాలుగో అతని పేరైనా కనుక్కుందామని
నిన్న సాయంత్రం జాలారిపేట బయల్దేరాను.
కాన్వెంట్ జంక్షన్ దాటనే లేదు,
ట్యాంకరు బోల్తా పడిందట, రోడ్డు నిండా పామాయిలు,
బిందెలు, బకెట్లు, హెల్మెట్లతో కూడా తోడుకుంటున్నారు,
బ్రిడ్జి మీద నుంచి వందమంది చూస్తున్నారు.

నేనూ బండి ఆపాను.